పొడియే అన్నమైన బిడ్డలు

బిడ్డకు బలము చాలదనినంతనే పాలు త్రాగింపుడనియు, పప్పు పెట్టుడనియు, గ్రుడ్డు మాన్పవలదనియు చెప్పుట మన వైద్యులకును, అంగన్‌వాడీ కార్యకర్తలకును, ఇంటనున్న అవ్వలకును సమానముగా అలవడిన హితోపదేశము. వానలు అంతంతమాత్రమైన ఈ తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పసివాండ్ర ఎముకల మీద కండ నిలువవలెనన్న అంతకు మించిన ఉపదేశము లేదనుటయు యథార్థమే. కాని వేలమందికి అమృతప్రాయమైన ఆ ఆహారమే, పుట్టుకతోనే ఒకానొక లోపమును వెంటబెట్టుకొని వచ్చిన ఏ ఒక్క బిడ్డకో మెదడును మెల్లమెల్లగా చెరచు విషమగుననియు, ఆ బిడ్డను నిలుపునది డబ్బాలో వచ్చు ఒక చేదుపొడి యనియు మనలో ఎందరెరుగుదురు? ఆ పొడిని మందుగా ఎంచి, క్షయరోగికి మాత్రలు చేర్చినంత నియమముగా ప్రభుత్వము ఆ బిడ్డ ఇంటి దాపునకు చేర్చవలెననుటయే ఈ వారము నేను విన్నవింపదలచినది.

మనము తినిన మాంసకృత్తులు కడుపులో జీర్ణమై అమైనో ఆమ్లములుగా విడిపోవును. ఇరువది రకములైన ఈ ఆమ్లములతో దేహము తనకు వలయు కండను, రక్తమును కట్టుకొని, మిగిలినదానిని విరిచి వెలుపలికి పంపును. ఒక్కొక్క విరుపునకు ఒక్కొక్క ఎంజైము కావలెను. ఫినైల్‌అలనీన్ అను ఆమ్లమును టైరోసీన్‌గా మార్చు ఎంజైము కొరవడినచో ఆ ఆమ్లము రక్తములో పేరుకొని బుద్ధి వికాసమును అడ్డగించును. దీని పేరు ఫినైల్‌కీటోన్యూరియా. వైద్యులు క్లుప్తముగా పీకేయూ అందురు. చక్కెరకు బదులు వాడు బిళ్లల డబ్బాల మీద ఈ వ్యాధి గలవారికి తగదని సన్నని అక్షరములతో ఉండు హెచ్చరికను చదువరులు చూచియే యుందురు. అస్పర్టేమ్ అను ఆ తీపి పదార్థములో ఈ ఆమ్లమే ఉండుట అందులకు కారణము. ల్యూసీన్, ఐసోల్యూసీన్, వాలీన్ అను మూడింటిని విరువలేని బిడ్డది మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అను మరియొక వ్యాధి. ఆ బిడ్డ మూత్రము మాడిన పాకపు వాసన వేయును. మెంతులలోని వాసనకును ఈ వాసనకును మూలమైన రసాయనము సోటోలోన్ అను ఒక్కటే యగుటచేత, తల్లి మెంతులు తినిన కారణమున ఆరోగ్యవంతమైన శిశువునే రోగిగా శంకించిన సందర్భములు వైద్యగ్రంథములకెక్కినవి. బాలింతకు మెంతులు పెట్టు మన ఇండ్లలో కాన్పు చూచు నర్సులు ఈ సంగతి ఎరిగియుండుట మేలు. వాసనతోనే నిర్ణయించుట తగదు. అట్లని జాప్యము చేయుటయు తగదు, ఏలయన ఈ వ్యాధి తీవ్రమైనచో పుట్టిన వారము పది దినములలోనే బిడ్డ పాలు మాని, మత్తుగా పడి, ఫిట్సు వచ్చి ప్రాణముమీదికి తెచ్చుకొనును.

మాంసకృత్తులు హానియైనచో వానిని పూర్తిగా మాన్పరాదా యని తోచవచ్చును. మాన్పినచో ఎదుగు బిడ్డ ఎదుగదు. అంతియే కాదు, ఆకలిగొన్న దేహము తన కండను తానే కరగించుకొనగా అందులోనుండి ఆ ఆమ్లమే మరల రక్తములోనికి వచ్చును. అందువలన హాని చేయు ఆమ్లమును మాత్రము విడిచి, మిగిలిన ఆమ్లములన్నిటిని విటమినులతోను ఖనిజములతోను చేర్చి పొడిగా తయారుచేయుదురు. వైద్యులు దీనిని ప్రోటీన్ ప్రత్యామ్నాయమందురు. ఇండ్లలో దీనికి ‘ఫార్ములా’ అనియో ఊరక ‘పొడి’ అనియో పేరు. తీవ్రమైన వ్యాధి గల బిడ్డకు ఆ దినమునకు వలయు మాంసకృత్తులలో పెద్ద భాగము దీనినుండియే రావలెను. తల్లిపాలలో మాంసకృత్తులు తక్కువగుటచే పీకేయూ శిశువునకు ఆ పాలను పూర్తిగా మాన్పనక్కరలేదు. లెక్క ప్రకారము పొడితోపాటు ఇయ్యవచ్చును.

ఈ పొడి పుట్టుక వెనుక తల్లుల పట్టుదల కలదు. 1934లో నార్వే దేశమున ఒక తల్లి, బుద్ధి ఎదుగని తన ఇద్దరు బిడ్డల యొద్దనుండి వచ్చు వింతవాసనకు కారణమేమని ఎందరో వైద్యులనడిగి, తుదకు రసాయనశాస్త్రము కూడ చదివిన అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని ఆశ్రయింపగా, ఆయన ఆ మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు వేసి, అది పచ్చగా మారుట గమనించి, వ్యాధిని గుర్తించెను. గుర్తించెనే గాని మందు లేదు. తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో హోర్స్ట్ బికెల్ అను యువవైద్యుడు ఒక పసిబాలికలో ఇదే వ్యాధిని కనుగొని, చేయగలిగినదేమియు లేదని చెప్పినను, ఆ తల్లి వినక దినదినము వచ్చి, నా బిడ్డకేదైనను చేయుడని అడిగెను. ఆమె పోరు పడలేక ఆయనయు, సహచరులును పాలలోని కేసీన్‌ను విడగొట్టి, బొగ్గుపొడిగుండ వడబోసి ఫినైల్‌అలనీన్‌ను తొలగించి, బొగ్గుతోపాటు పోయిన అవసరపు ఆమ్లములను తిరిగి చేర్చి, చలిగదిలో స్వయముగా ఆ ఆహారమును సిద్ధపరచిరి. తల బాదుకొనుచు ఏడ్చుచుండిన బాలిక కొలదినెలలలో ఏడ్పు మాని ప్రాకజొచ్చెను. ఇది నిజముగా ఆహారము వలననే యని తేల్చుటకు తల్లికి తెలియకుండ ఆ ఆమ్లమును తిరిగి కలుపగా బాలిక మరల దిగజారుటయు కనబడెను. బికెల్ బృందము ఈ వృత్తాంతమును 1953లో ప్రకటించెను. ఆ పిమ్మట పదేండ్లలోపలనే అమెరికాలో రాబర్ట్ గుత్రీ, శిశువు మడమనుండి తీసిన రక్తపు బొట్టును వడపోత కాగితముమీద ఆరబెట్టి వ్యాధిని ముందే పసిగట్టు పద్ధతిని కనిపెట్టెను. మందు ఉన్నను ఆలస్యముగా మొదలిడినచో చెడిన మెదడు బాగుపడదు గనుక ఈ రెండవ ఆవిష్కరణము మొదటిదానికంటె తక్కువది కాదని నా అభిప్రాయము.

ఇక తంబళ్లపల్లె మండలములోని ఒక వంటింటిని భావింపుడు. పీకేయూ గల మూడేండ్ల పిల్లకు దినమునకు 300 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనీన్ మాత్రమే వైద్యులు అనుమతించిరనుకొందము. గ్రాము మాంసకృత్తులలో ఇది ఇంచుమించు 50 మిల్లీగ్రాములుండును గనుక ఆ పిల్లకు సహజాహారమునుండి రాదగిన మాంసకృత్తులు 6 గ్రాములే. వంద గ్రాముల రాగిపిండితో చేసిన సంగటిముద్దలో 7 గ్రాములున్నవి. పిడికెడు చెనక్కాయ గింజలలో 6. గ్లాసెడు ఆవుపాలలోను సుమారుగా అంతే. అనగా ముద్ద గాని, పిడికెడు గింజలు గాని, గ్లాసెడు పాలు గాని, ఏదో ఒక్కటితో ఆ దినపు లెక్క ముగిసినది. ఊరుబిండి లేదు, పప్పుచారు లేదు, చలికాలములో ఇల్లిల్లును ఘుమఘుమలాడించు పితికిపప్పు లేదు. తూకపు త్రాసు దగ్గర పెట్టుకొని, చెంచాల లెక్కన పొడిని నీళ్లలో కలిపి, ఉడికిన గుడ్డువంటి ఆ వాసనకు ముఖము త్రిప్పుకొను పిల్లను లాలించి, దినమునకు మూడు నాలుగు విడతలుగా త్రాగించుట ఆ తల్లికి నిత్యకృత్యము. నడవలో కూర్చున్న అవ్వకు మనసు నిలువక, “ఒగ ముద్ద సంగటి పెడితే ఏమవతాది లేమ్మా, బిడ్డ ఎట్లా చూస్తాండాదో చూడు” అనును. ఆ మాటలో ప్రేమ తప్ప మరొకటి లేదు. అయినను కోడలు దానికి లొంగరాదు. జ్వరము వచ్చిన దినమున ఈ కష్టము రెట్టింపగును, జ్వరములో కండ కరగి ఆమ్లము పెరుగును గనుక.

అట్లని మన నేల ఆ పిల్లకు ఏమియు పెట్టలేదని కాదు. మదనపల్లె మార్కెట్టులో గంపలకొలది రాశులు పడు టమోటాలో మాంసకృత్తులు నూటికి ఒక గ్రామైనను లేవు. చింతపండు పులుసు, బెల్లము, నెయ్యి, సొరకాయ, బూడిదగుమ్మడి నిర్భయముగానో కొద్దిపాటి లెక్కతోనో పెట్టదగినవి. కుప్పమునకు దూరము కాని సేలము ప్రాంతమునుండి వచ్చు సగ్గుబియ్యము దాదాపు పిండిపదార్థమే యగుటచే ఉప్మాగా, దోసెగా అన్నమునకు బదులు నిలువగలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహారపట్టికలలో మన ధాన్యముల, కూరల అమైనో ఆమ్లముల వివరములున్నవి. వానిని రాయలసీమ వంటల పేరులతో, ముద్దలలోను గరిటెలలోను లెక్కకట్టి, తెలుగులో నాలుగు పుటల కరపత్రముగా అచ్చొత్తించుట ఏ వైద్యకళాశాలకైనను నెలదినముల పని.

మేనరికముల మాట ఇక్కడ దాటవేయరానిది. తల్లిదండ్రులిద్దరియందును దాగిన లోపము ఒక్కటైనపుడు పుట్టు ప్రతి బిడ్డకును నాల్గింట ఒకవంతు అవకాశముతో ఈ వ్యాధి సంక్రమించును. మేనమామకు అక్క కూతునిచ్చు ఆచారమున్న సీమలో అట్టి దంపతులు తటస్థపడుట సులువు. 1980వ దశకములో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అప్పాజీరావు, రాధారమాదేవి ప్రభృతులు కర్ణాటకములో లక్షకు మించిన శిశువుల రక్తమును పరీక్షించిన కాలమున, అచ్చటి జననములలో ఇంచుమించు మూడవవంతు రక్తసంబంధీకుల సంతానమే. రాధారమాదేవి గారే తరువాత హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షింపజేసి, వేయింటికి ఒకరికి జీవక్రియాలోపమున్నదని 2004లో ప్రకటించిరి. అందులో అన్నియు పొడితో చక్కబడునవి కావు; కాని పరీక్షింపనిదే ఏది ఏదియో తెలియుట యెట్లు? బంధుత్వము లేని దంపతులకును ఇట్టి బిడ్డలు పుట్టుదురు. కోడలి కడుపును నిందించు నోళ్లకు ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది.

ప్రభుత్వము చేసినది లేకపోలేదు. 2021 మార్చిలో వెలువడిన అరుదైన వ్యాధుల జాతీయ విధానము, ప్రత్యేకాహారముతో అదుపులో నుండు ఈ వ్యాధులను రెండవ వర్గములో చేర్చినది. 2022లో ఒక్కొక్క రోగికి ఇయ్యదగిన సాయము 50 లక్షల రూపాయలకు పెరిగినది. 2023 ఏప్రిల్ నుండి స్వంత వినియోగమునకు దిగుమతి చేసికొను మందులకును ఇట్టి ఆహారములకును మౌలిక సుంకము తీసివేయబడినది. ఇవన్నియు మెచ్చదగినవే. అయితే ఆ సాయము పొందవలెనన్న హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కూడిన డీఎన్ఏ కేంద్రమునకో, బెంగుళూరులోని మానవ జన్యుశాస్త్ర కేంద్రమునకో, అట్టి నిర్ణీత సంస్థలకే పోవలెను. రెండవ వర్గపు రోగులకు రాష్ట్రములు సాయపడుటను ఆ విధానము వారి యిష్టమునకు విడిచినది. ఇది నాకు సమ్మతము కాదు. వేలకొలది రూపాయల పొడి ప్రతి నెలయు కావలసిన బిడ్డకు ఒక్క వారము డబ్బా అందకున్నను నష్టమే. పలమనేరులోనో ములకలచెరువులోనో మందుల దుకాణములో అడిగిన దొరకు వస్తువు కాదది.

ఈ సీమకు దీర్ఘచికిత్స క్రొత్త కాదు. 1912లో ఆరంభమైన మదనపల్లె క్షయ ఆరోగ్యశాల పేరనే ఆరోగ్యవరము ఒక ఊరైనది. దేశము నలుమూలలనుండి రోగులు అచ్చటికి వచ్చిరి. తరువాతి కాలమున క్షయ నివారణ కార్యక్రమములో, చికిత్స ఆరంభమున్నాడే ఆ రోగికి తుదివరకు వలయు మాత్రలన్నిటిని అతని పేర ఒక పెట్టెలో వేరుచేసి యుంచుచుండిరి. మధ్యలో సరకు లేదను మాటకు తావు లేకుండుటయే దాని ఉద్దేశము. లక్షలమంది క్షయరోగులకు సాధ్యమైనది, మండలమునకు ఒకరో ఇద్దరో ఉండు ఈ బిడ్డలకు అసాధ్యమని ఎవరనగలరు? బిడ్డ పేర మూడుమాసముల డబ్బాలు సమీపపు ఏరియా ఆసుపత్రిలో నిలువయుండవలెను. మడమ రక్తపరీక్ష కాన్పు జరుగు ప్రతి ప్రభుత్వాసుపత్రిలో జరుగవలెను. ఈ బిడ్డకు గ్రుడ్డు పెట్టరాదని అంగన్‌వాడీకిని, మధ్యాహ్నభోజనము వండువారికిని వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను.

బిడ్డ పేర నుంచు ఈ నిలువ పదునెనిమిదేండ్లు నిండినంతనే ఆగిపోరాదు. ఒకప్పుడు బడి ఈడు రాగానే పథ్యము విడువవచ్చునని వైద్యులు తలచిరి. నేడు జీవితాంతము పాటింపవలెనను నిశ్చయమునకు వచ్చిరి. ముఖ్యముగా పీకేయూ గల ఆడుపిల్ల పెరిగి పెండ్లియై గర్భవతియైనపుడు, ఆమె రక్తములో ఆ ఆమ్లము హెచ్చుగా నున్నచో, బిడ్డకు వ్యాధి సంక్రమింపకపోయినను కడుపులోనే తల చిన్నదగుట, గుండె లోపములేర్పడుట సంభవించును. కనుక గర్భము ధరింపకమునుపే ఆమె కఠినపథ్యములో నుండవలెను, పుట్టింటనున్నపుడు వచ్చిన డబ్బాలు అత్తవారింటికిని తప్పక రావలెను, మండలము మారినను జిల్లా మారినను ఆమె పేరు డబ్బాలు పొందువారి జాబితానుండి తొలగిపోరాదు.