ఫ్యూజన్ వచ్చేదాకా ఆగుదామా?

నిన్న లంచ్‌లో మా టీం లీడ్‌తో చిన్న వాదన. "ఇంకో పదేళ్ళలో ఫ్యూజన్ వచ్చేస్తుంది బాస్, ఈ సోలార్ ప్యానెళ్ళ మీద డబ్బు పొయ్యడం దండగ" అన్నాడు. కాదన్నాను గానీ గట్టిగా అనలేకపోయాను. ఎందుకంటే 2024లో మా నాన్నకి నేను చెప్పిందీ దాదాపు ఇదే.

నంద్యాలలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనీ, కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోందనీ ఆయన ఫోన్ చేస్తే, "ఆగండి నాన్నా, టెక్నాలజీ మారిపోతోంది, కొత్తది రానివ్వండి" అని ఒక ఉచిత సలహా పారేశాను. పాపం, ఆగారు. ఆ ఎండాకాలం బిల్లులన్నీ కట్టుకున్నారు.

అసలు ఆగితే వచ్చేది ఎప్పుడు? ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్‌లో మన దేశమూ భాగస్వామే. 2006లో ఒప్పందం జరిగింది. మొదటి ప్లాస్మా 2016 అన్నారు, తరవాత 2025 అన్నారు. 2024లో ఇచ్చిన కొత్త షెడ్యూల్లో పరిశోధన మొదలయ్యేదే 2034లో, డ్యుటీరియం-ట్రిషియంతో అసలు ప్రయోగాలు 2039లో. అప్పటికీ అది ప్రయోగమే, కరెంటు అమ్మే ప్లాంటు కాదు. మన ప్రాజెక్టుల డెడ్‌లైన్లే నయం :-)

2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ళ లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్ళు తిరిగొచ్చాయి. గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ లేజర్లు గ్రిడ్ నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్ళు.

ఇటు చూడండి. 2010 నాటి వేలాల్లో సోలార్ యూనిట్ పది రూపాయల పైనే. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో 2.44 రూపాయలు. ధర అలా పడిపోయింది కొనకుండా కూర్చున్నవాళ్ళ వల్ల కాదు, కొంటూ పోయినవాళ్ళ వల్ల. 2025 మొదట్లో మన దేశపు సోలార్ సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది.

రాత్రి ఎండ ఉండదు కదా అంటారు. నిజమే, అసలు చిక్కు అదే. అందుకే కర్నూలు దగ్గర పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజ్ చేపట్టారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. ఇందులో కొత్త భౌతికశాస్త్రం ఏమీ అక్కర్లేదు. కావాల్సింది పెట్టుబడి.

ఫ్యూజన్ పరిశోధన ఆపమని నేననట్లేదు. దానికివ్వాల్సిన డబ్బు ఇవ్వాల్సిందే. కానీ కొత్త వెర్షన్ వస్తోంది కదా అని ప్రొడక్షన్‌లో ఉన్న బగ్‌ని ఎవరైనా వదిలేస్తారా? మనం ఆగితే బొగ్గు ఆగదు. అది వదిలిన కార్బన్ డయాక్సైడు మన మనవల కాలానికీ గాలిలోనే ఉంటుంది.

రాత్రి ఫోన్ చేసి "పెట్టించెయ్యండి నాన్నా" అన్నాను.

"ఆ కొత్తదేదో వచ్చిందా?" అన్నారు.

నిజంగానే అడిగారో, ఎత్తిపొడిచారో ఇంకా తెలీలేదు.