పండుగ రద్దీ నాలుగు నాళ్ళు - కాఫీ అంగడి ఏడాది పొడుగునా

దసరా మొదలు సంక్రాంతి దాకా పెద్దతిప్పసముద్రం చుట్టుపట్ల రోడ్లకు విశ్రాంతి ఉండదు. బెంగుళూరులో కూలికో, ఉద్యోగానికో పోయినవారు పండుగకు ఊళ్ళకు తిరిగి వస్తారు. డిసెంబరు ఆఖరు వారంలో హార్సిలీ హిల్స్ చూడవచ్చే కార్లు వరుస కడతాయి. నవరాత్రులకు బోయకొండ గంగమ్మ సన్నిధికి, ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరుకు పోయే జనం సంగతి చెప్పనక్కరలేదు. ఈ ప్రయాణికులందరికీ దారిలో కావలసింది ఒక గ్లాసు వేడి కాఫీ. దానిని అందించేది రోడ్డు పక్క రేకుల కింద ఒక స్టవ్వు, ఒక ఫిల్టరు, రెండు పాలగిన్నెలు పెట్టుకున్న చిన్న అంగడి.

ఈమధ్య చాలామంది ప్రయాణికులు బండి దిగడం లేదు. రోడ్డు వారగా ఆపి, అద్దం దించి, ‘రెండు కాఫీ, ఒక టీ’ అని కేక వేస్తున్నారు. అంగడివారు పరుగున తెచ్చి కిటికీలో అందిస్తున్నారు. అమెరికాలో ఈ పద్ధతిని డ్రైవ్ త్రూ అంటారు. అక్కడ ఓరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే చిన్న పట్టణంలో 1992లో పాడిరైతు కుటుంబానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు తోపుడుబండి మీద కాఫీ అమ్మడం మొదలుపెట్టారు. వారు పెట్టిన డచ్ బ్రోస్ సంస్థ వాటాలు 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కాయి. పాడి ఎనుములను నమ్ముకున్న ఈ ప్రాంతం వారు ఆ సంగతి తెలుసుకోదగినదే. అయితే డ్రైవ్ త్రూ అంగడిలో కారు రోడ్డును విడిచి లోపలికి వస్తుంది. కిటికీ దగ్గర కాఫీ అందుకుని వేరే దారిన బయటకు పోతుంది. ఇక్కడ కారు రోడ్డు మీదనే ఆగుతున్నది. ఈ తేడాను చిన్నదిగా చూడరాదు.

పండుగ రోజుల కాఫీ వ్యాపారాన్ని నాలుగు నాళ్ళ సంబరంగా అంగడివారూ, పట్టించుకోనక్కరలేని చిల్లర వ్యవహారంగా పంచాయతీలూ చూడడం వల్లనే చిక్కులు వస్తున్నాయి. వానను నమ్ముకున్న సేద్యం, నిలకడలేని టమోటా ధర మధ్య నలిగే కుటుంబానికి ఇలాంటి అంగడి ఏడాది పొడుగునా ఆసరా కాగలదు. అందుకు అంగడివారి వైపు నుంచి లెక్క, పంచాయతీ వైపు నుంచి జాగా అవసరం.

లెక్క చూస్తే

ధరలు ఊరూరికీ మారవచ్చును గాని, లెక్క తీరు తెలియడానికి ఒక ఉదాహరణ చూడవచ్చు. గ్లాసు కాఫీ 15 రూపాయలు అనుకుందాం. వంద గ్లాసులకు 8 లీటర్ల పాలు లీటరు 60 చొప్పున 480, కాఫీ పొడి 600 గ్రాములు కిలో 600 చొప్పున 360, కిలో చక్కెర 50, గ్యాసు 100, కప్పులు వగైరా 70 వేసుకుంటే ఖర్చు 1,060 రూపాయలు. వచ్చేది 1,500. చేతికి మిగిలేది 440. ఇందులో మనిషి కూలి కలపలేదు.

రద్దీ వస్తుందన్న ఆశతో మూడు వందల గ్లాసులకు సరిపడా పాలు కాచి, డికాషన్ దింపి పెట్టుకుంటే, రెండు వందలే అమ్ముడయ్యాయనుకుందాం. ఆ రెండు వందల మీద మిగలవలసింది 880 రూపాయలు. విరిగిన పాలు, చేదెక్కిన డికాషన్ కింద పోయేది 840. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి సంపాదించింది 40 రూపాయలు! ‘పండుగకు కూడా ఏమీ మిగల్లేదు’ అని దిగాలుపడేవారిలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాలు విడతలు విడతలుగా కాచుకోవడం, డికాషన్ ఒక్కసారిగా కాక రెండు మూడు మార్లు దింపుకోవడం, పాలుపోసే వారితో పూటకింత అని ముందే మాట్లాడుకోవడం వల్ల ఈ నష్టం తప్పుతుంది. మిగిలిన పాలు విరగకముందే తోడు పెట్టుకుంటే పెరుగైనా దక్కుతుంది.

ఇక రెండవ సంగతి ధర. కార్లు వస్తున్నాయి కదా అని పండుగ నాళ్ళలో 15 రూపాయల కాఫీని 25 చేసేవారున్నారు. ‘కొండ మీద హోటలువాళ్ళు ఇంతకన్నా ఎక్కువే తీసుకోవడం లేదా?’ అన్నది వారి వాదం. పైకి సబబుగానే కనిపిస్తుంది. రోజుకు రెండు వందల గ్లాసుల మీద పదేసి రూపాయలు అదనంగా వస్తే రెండు వేలు. పది రోజులకు ఇరవై వేలు. తక్కువ మొత్తమేమీ కాదు.

కాని ఆ అంగడిని తక్కిన పదకొండు నెలలూ నిలబెడుతున్నది ఎవరు? మడి నుంచి వచ్చే రైతు, పాలు పోసి తిరిగిపోయే ఆడమనిషి, బస్సు కోసం నిలబడిన పిల్లల తండ్రి, ఆటో నడిపే కుర్రవాడు. ముప్పై మంది రోజుకు రెండేసి గ్లాసులు తాగితే అరవై గ్లాసులు. పండుగ నాడు వారిని పక్కన నిలబెట్టి కారువారికి ముందు ఇచ్చి, ఆపైన 25 రూపాయలు అడిగితే, వారిలో సగం మంది ఎదుటి అంగడికి మళ్ళుతారు. రోజుకు ముప్పై గ్లాసులు తగ్గితే 132 రూపాయల లాభం పోయినట్లే. మూడు వందల రోజులకు అది 39,600 అవుతుంది. ఇరవై వేలకు ఆశపడి నలభై వేలు పోగొట్టుకోవడం వ్యాపారం అనిపించుకోదు.

పండుగ నాడు అదనపు ఖర్చు ఉండే మాట నిజమే. తోడు మనిషికి కూలి ఇవ్వాలి. దానిని రాబట్టడానికి కాఫీ ధర పెంచడం, డికాషన్‌లో నీళ్ళు పెంచడం తప్ప దారి లేదనుకోరాదు. ఇంట్లో చేసిన నిప్పట్లు, మురుకులు, వేరుశనగ ఉండలు పొట్లాలు కట్టి కాఫీ పక్కన పెడితే కారువారు అడిగి కొంటారు. చేలో పండిన వేరుశనగకు అంగట్లోనే గిరాకీ దొరుకుతుంది. ఊరివారి గ్లాసు ధర మారదు.

పొడి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కాఫీ పొడిలో చికోరీ నూటికి 49 పాళ్ళకు మించరాదని, ఎంత కలిపారో పొట్లం మీద అచ్చువేయాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. చికోరీ ఎక్కువైతే రంగు చిక్కగా వస్తుంది గాని కాఫీ వాసన రాదు. చౌక పొడి కొనేవారు పొట్లం వెనుక అచ్చువేసిన అంకెను ఒకసారి చూడాలి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, కప్పులు దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. కాగితం కప్పులూ దోషం లేనివి కావు. వాటి లోపలి పూత వేడి ద్రవంలో పావుగంట సేపటికి వేల కొద్దీ సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులను వదులుతుందని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో వెల్లడించారు. స్టీలు గ్లాసును మరిగే నీళ్ళలో కడిగి వాడడం ఆరోగ్యానికీ, కప్పుల ఖర్చుకూ మేలు.

పిల్లల చేతికి పళ్ళెం

లెక్కలన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. దసరా, సంక్రాంతి సెలవులకే రద్దీ ఎక్కువ. బడికి సెలవు కాబట్టి అంగడి పని పిల్లల మీద పడుతున్నది. వేడి గ్లాసుల పళ్ళెం పట్టుకుని పదేళ్ళ పిల్లవాడు రోడ్డు దాటి కారు దగ్గరకు పోవడం, చిల్లర కోసం మళ్ళీ పరుగెత్తడం చూసేవారికి మామూలైపోయింది. ఆగిన కారు పక్కనుంచి దూసుకువచ్చే మోటారు సైకిలు ఆ పిల్లవాడికి కనిపించదు. ఆ మోటారు సైకిలు నడిపేవాడికి పిల్లవాడు కనిపించడు.

హోటళ్ళలో, ధాబాలలో, టీ అంగళ్ళలో 14 ఏళ్ళలోపు పిల్లలను పనికి పెట్టుకోవడాన్ని కేంద్ర ప్రభుత్వం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించింది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, అన్ని పనులకూ ఆ నిషేధాన్ని వర్తింపజేశారు. సొంత కుటుంబ వ్యాపారంలో బడివేళలు అయ్యాక, సెలవులలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. అదీ ప్రమాదం లేని పనికే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్క రాయడం సాయం అవుతుంది. కదిలే బండ్ల మధ్య వేడి కాఫీ మోయడాన్ని ఏ తల్లీ తండ్రీ సాయం అనుకోరాదు. ఆ పని పెద్దవారే చేయాలి. కారువారు సైతం పిల్లవాడిని రోడ్డు దాటి రమ్మని పిలవకుండా, బండిని అంగడి వైపు ఆపి దిగివస్తే వారికి పోయేదేమీ లేదు.

చట్టం పట్టణానికే

రోడ్డు పక్క అంగడివారికి మరొక భయం ఉంది. ఎప్పుడు ఎవరు వచ్చి తీసేయమంటారో తెలియదు. ములకలచెరువు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే 42వ జాతీయ రహదారి వంటి రోడ్ల భూమిలో అనుమతి లేకుండా అంగడి పెడితే, తొలగించే అధికారం 2002 నాటి జాతీయ రహదారుల చట్టం కింద అధికారులకు ఉంది. ప్రమాదాల దృష్ట్యా అది సమంజసమే. కాని తొలగించిన తరువాత ఆ కుటుంబం ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు గ్రామాలలో జవాబు లేదు.

పట్టణాలలో కొంత నయం. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలు ఏర్పాటు చేయాలని, వ్యాపారులను సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలని, అమ్ముకునే చోట్లు గుర్తించాలని చెప్పింది. 2020 జూన్‌లో ప్రారంభమైన పీఎం స్వనిధి కింద తొలి విడత పదివేల రుణం ఇచ్చిందీ పట్టణ వ్యాపారులను ఉద్దేశించే. మదనపల్లె బస్టాండు దగ్గర తోపుడుబండికి వర్తించే రక్షణ పెద్దతిప్పసముద్రం రోడ్డు మీది కాఫీ అంగడికి లేదు. ఇద్దరూ అమ్మేది ఒకే కాఫీ. పల్లె అంగడివారికి పొదుపు సంఘం రుణమో, 2015లో వచ్చిన ముద్రా పథకంలో యాభై వేల వరకు ఇచ్చే శిశు రుణమో దిక్కు. రుణం దొరికినా నిలబడే జాగా లేకపోతే ఏం ప్రయోజనం?

పంచాయతీ చేయదగినది

ఇందుకు పెద్ద పథకాలు, కోట్ల రూపాయలు అవసరం లేదు. ఊరి మొదట్లో, మలుపుకు దూరంగా, రోడ్డు నుంచి లోపలికి జరిగిన చోట కొద్దిపాటి గ్రామకంఠం జాగాను పంచాయతీ గుర్తించవచ్చు. ఒక వైపు నుంచి బండి వచ్చి, కాఫీ తీసుకుని, మరొక వైపు నుంచి పోయేటట్లు గరుసు తోలించి చదును చేస్తే చాలు. ఒక నీటి కుళాయి, ఒక దీపం, చెత్తకు ఒక తొట్టి పెట్టాలి. రోడ్డు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అక్కడ నాలుగైదు చిన్న అంగళ్ళకు చోటు కేటాయించి, ఇప్పటికే రోడ్డు పక్కన అమ్ముకుంటున్న వారికి, ఒంటరి ఆడవారికి, పొదుపు సంఘాలకు మొదటి అవకాశం ఇవ్వాలి. సంతలో ఆశీలు వసూలు చేసే పద్ధతి పంచాయతీలకు కొత్త కాదు. అలాగే రసీదు ఇచ్చి స్వల్ప రుసుము తీసుకుంటే, తొట్టి ఎత్తడానికీ దీపం ఖర్చుకూ సాయపడుతుంది. అయితే పండుగ వచ్చేసరికి ఆ జాగాను వేలం వేసి డబ్బున్న ఒక్కరికే కట్టబెట్టే పని మాత్రం చేయరాదు. అలా చేస్తే ఏడాది పొడుగునా ఎండకు వానకు అంగడి నడిపినవారు పండుగ నాలుగు రోజులూ ఇంట్లో కూర్చోవలసి వస్తుంది.

‘నాలుగు కాఫీ అంగళ్ళ కోసం ఇంత హంగామానా?’ అని కొందరు అనవచ్చు. ఒక అంగడి నడిస్తే పాలు పోసే ఇల్లు, నిప్పట్లు చేసే ఇల్లు, వేరుశనగ అమ్మే రైతు, గ్లాసులు కడిగే మనిషి కూడా దాని నీడలో నిలబడతారు. ప్రయాణికుడు ఆగని ఊరు అతనికి దారిలో ఒక పేరు పలక మాత్రమే. ఆగిన ఊరిలో అతని పది రూపాయలు మిగులుతాయి.

కనుక దసరాకు ముందు జరిగే గ్రామసభలోనే ఈ జాగా విషయం నిర్ణయించడం అవసరం. రద్దీ మొదలైన తరువాత, అందునా ఏదైనా ప్రమాదం జరిగిన తరువాత, అంగళ్ళు పీకించడం పరిష్కారం కాదు. అంగడివారు ఆహార భద్రతా శాఖ వద్ద పేరు నమోదు చేయించుకుని, ధర బోర్డు మీద రాసిపెట్టి, పండుగకూ మామూలు రోజుకూ అదే కాఫీ, అదే ధర అని నిలబడాలి. వారు నిలబడడానికి నిలకడైన చోటు చూపించే బాధ్యత పంచాయతీది.