కంప్యూటర్ కబుర్లు: ఒక్క వరుసతో అన్ని పేర్లూ

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆనాటి ఫోటోలను కెమెరాతో మళ్ళీ తీసి కంప్యూటర్లో దాచుకుంటున్నాం. కానీ "ఐఎంజీ_0001" అన్న పేరు చూస్తే అది ఛాంపియన్ రీఫో, మారికుప్పమో పిల్లలకేం తెలుస్తుంది?

నేను చేసే పద్ధతి ఇది. ముందు అన్నిటికీ నకలు తీసి, ఒక్కో చోటి బొమ్మలను ఒక్కో ఫోల్డరులో వేస్తాను. విండోస్ కమాండ్ ప్రాంప్టులో ఛాంపియన్ రీఫ్ ఫోల్డరుకు వెళ్ళి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొడతాను:

రెన్ ఐఎంజీ*.జేపీజీ సీహెచ్ఆర్*.జేపీజీ

నక్షత్రం గుర్తుకు "మిగతాది ఏదైనా సరే" అని అర్థం. ఎంటర్ నొక్కగానే అంకెలు అలాగే ఉండి, అన్ని పేర్లూ సీహెచ్ఆర్‌తో మొదలవుతాయి.

ఒక జాగ్రత్త. పాత గుర్తుకు మూడక్షరాలుంటే కొత్తదానికీ మూడే ఉండాలి. ఇంగ్లీషులో అయిదక్షరాల "కోలార్" పెడితే అడ్డగీతనూ, మొదటి అంకెనూ మింగేస్తుంది. అప్పుడు 1001కీ, 2001కీ ఒకే పేరు వస్తుంది. రెండోదాన్ని కంప్యూటరు ఒప్పుకోదు.

పేర్లు మార్చడం కంప్యూటరు పని. ఏ బొమ్మ ఏ చోటిదో చెప్పవలసింది మాత్రం మీ ఇంటి పెద్దలే. ఈ సెలవుల్లోనే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.