రేకుల కప్పునకు తెల్లపూత: గీకుటకు ముందొక మాట

సంపాదకులవారికి,

వేసవి తాపమునకు ఉపాయముగా ఇంటి పైకప్పునకు తెల్లపూత వేసికొనుడని ఇటీవల మీ పత్రికలో వెలువడిన వ్యాసము బహుజనోపయోగకరమైనదే. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించిన పిమ్మట ఈ పూతపై జనులకు ఆసక్తి హెచ్చినది. అది సంతోషింపదగిన విషయమే. అయితే పూతకు పూర్వము కప్పును ఇనుప బ్రష్షుతో గట్టిగా గీకి దుమ్ము దులుపవలెనని వ్యాసకర్త ఇచ్చిన సలహా కాంక్రీటు మిద్దెకు ఎంత యుక్తమో, సిమెంటు రేకుల కప్పునకు అంత అనర్థదాయకమని మనవి చేయుటకే ఈ లేఖ.

మనము సిమెంటు రేకులని వాడుకగా పిలుచు వానిలో నూటికి తొంబది పాళ్ల వరకు సిమెంటును, మిగిలినది ఆస్‌బెస్టాస్, అనగా రాతినారయు ఉండును. ఈ నారను ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల ప్రాంతముననే త్రవ్వి తీసెడివారు. త్రవ్వకమునకు క్రొత్త అనుమతులు నిలిచిపోయి దశాబ్దములు గడచినను, విదేశములనుండి దిగుమతి మాత్రము నిలువలేదు. రేకు గట్టిగా నున్నంతకాలము సిమెంటు ఆ నారను తనలో బంధించి యుంచును. ఎండకు ఎండి, వానకు తడిసి, పాకుడు పట్టి పైపొర అరిగిన కొలదియు, ఆ బంధము సడలి కంటికి కానరాని పోగులు పైకి తేలును. వానిని పీల్చినవానికి ఆనాడేమియు కాదు. ఊపిరితిత్తుల క్యాన్సరు గాని, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు మెసోథీలియోమా యను క్యాన్సరు గాని, ఇరువది ముప్పది నలువది సంవత్సరములకు బయటపడును. రాతినారలో ఏ రకమైనను క్యాన్సరు కారకమేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది.

ఈ దృష్టితో చూచినచో రేకునకు పూత వేయుట చలువ కొరకు మాత్రమే గాక ఆరోగ్యరక్షణకును మంచి ఉపాయమగును. ఇతరదేశములలో భవనములందలి రాతినారను బంధించుటకే ప్రత్యేకమైన పూతలు కలవు; అందులో కొన్ని ఉపరితలముపై దట్టమైన పొరగా ఏర్పడి నారను కప్పివేయును, మరికొన్ని లోనికి ఇంకి పోగులను ఒకదానితో నొకటి అతికించును. రేకులన్నియు పీకివేసిననే గాని క్షేమము లేదను వాదమును నేనెరుగుదును. కాని దినకూలితో బ్రదుకువాడు క్రొత్త కప్పును ఎక్కడనుండి తెచ్చును? పీకిన రేకులు సుత్తిదెబ్బలకు ముక్కలై వీధి గోతులు పూడ్చుటకు పోవుచుండగా, ఆ పీకుట యొకరి యింటి ప్రమాదమును ఊరందరికి పంచుటయే యగును. కనుక గట్టిగానున్న కప్పునకు పూతయే మేలని నా అభిప్రాయము.

చిక్కంతయు పూతలో లేదు, పూతకు ముందు జరుగు పనిలో నున్నది. గత వేసవిలో మా వీధిలోని యొక రేకుల యింటిపై పెయింటరు కుర్రవాడు ముక్కునకు తువాలు చుట్టుకొని, తీగల బ్రష్షుతో పొడిరేకును గీకుచుండగా చూచితిని. బూడిదరంగు పొడి రేకుల గాళ్ల వెంట జారి, చూరుక్రింద ఆరవేసిన పిల్లల బట్టలపై పడుచుండెను. ఇల్లాలు వానిని దులిపి లోనికి తీసికొనిపోయెను. ఏండ్ల తరబడి కప్పుపై పడియుండినను రేకు విడువని నారను, ఆ యొక్క పూట గీకుడు విడిపించినదనుట అతిశయోక్తి కాదు. తువాలు దానిని ఆపలేదు. ముఖమునకు బిగుతుగా అమరి సూక్ష్మధూళిని వడకట్టు మాస్కు కావలెను.

చేయవలసిన తీరు కష్టమైనది కాదు. పొలములో మందుకొట్టు చేతిపంపు వంటిదానితో సబ్బునీటిని సన్నగా చల్లి రేకును బాగుగా తడిపి, తడి ఆరకముందే మెత్తని గుడ్డతో పాకుడును తుడిచి, ఆ గుడ్డలను తడిగానే సంచిలో మూటకట్టి వేయవలెను. వేగముగా నీరు చిమ్ము యంత్రమును వాడరాదు. అది పైపొరను పెళ్లగించి నారను నలుదిక్కుల చిమ్మును. పిమ్మట సిమెంటు క్షారమునకు తాళు ప్రైమరును, దానిపై పూతయు వేయవలెను. విరిగిన అంచులును, బోల్టు రంధ్రములును నార వెలువడు ముఖ్యద్వారములు గనుక మొదట వానినే చూచుకొనవలెను. పైవైపు మాత్రమే పూసి క్రిందివైపు విడిచినచో రెండు ముఖములును తేమను ఒకే తీరున పీల్చవు. రేకు వంగి బీటలువారు అవకాశము కలదు. ఇక పాతరేకుపై నేరుగా కాలు మోపుట సాహసము గాదు, అవివేకము. దూలములపై పలకలు పరచి వానిపై నిలువవలెను. బీటలువారి పెళుసెక్కిన కప్పునకు ఎంత పూసినను డబ్బు దండుగయే. దానిని తడిపి, బోల్టులు విప్పి, విరుగకుండ దింపి, పాలిథీన్‌లో చుట్టుట తప్ప గత్యంతరము లేదు.

పూత వేసితిమి గనుక ఇక మరచిపోవచ్చునను భ్రమయు పోవలెను. అమెరికాలో 1986 నాటి చట్టము పాఠశాలలలోని రాతినారను ఆరునెలల కొకమారు చూచుచుండవలెననియు, మూడేండ్ల కొకమారు నిపుణునిచే తనిఖీ చేయింపవలెననియు విధించినది. మన రేకుల బడులలో పంకా తగిలించుటకై కప్పునకు రంధ్రము చేయువానికి, అది ఏ రేకో చెప్పు కాగితమైనను కలదా? 1995లో మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కర్మాగారములలోని కార్మికుల ఆరోగ్య వివరములను కొలువున చేరిననాటినుండి కనీసము నలువది సంవత్సరములు గాని, విరమణానంతరము పదునైదు సంవత్సరములు గాని భద్రపరుపవలెనని ఆజ్ఞాపించినది. వ్యాధి అంత ఆలస్యముగా వచ్చును గనుకనే ఆ యాజ్ఞ. ఇల్లిల్లు తిరిగి అదే రేకులను గీకు పెయింటరు పేరు ఏ పుస్తకమునను లేదు; రేపు వానికి దగ్గు పట్టినచో కారణమెవరు చెప్పగలరు?

కావున తెల్లపూత పథకములను నడుపు పురపాలక సంఘములు రేకుల ఇండ్లకు వేరుగా నియమములు వ్రాసి, పొడిగీకుడును నిషేధించి, పనివారికి మాస్కులిచ్చి, పూత వేసిన తేదీని గోడమీదనే వ్రాయించవలెనని కోరుచున్నాను. మీరును ఇట్టి సలహాను మరల ప్రచురించునపుడు, "సిమెంటు రేకులను పొడిగా గీకరాదు" అను మాటను మొదటి పంక్తిలోనే అచ్చువేయ ప్రార్థన.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడొకడు
సికింద్రాబాదు