ఆరోగ్య విషయాలు: ఒంటిలో దాగిన ఉప్పు

డయాలిసిస్ చేయించుకొనేవారు మన కుటుంబాలలోనూ యిప్పుడు కనిపిస్తున్నారు. వారి యింటివారు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. “రక్తపరీక్షలో సోడియం సరిగానే వున్నదన్నారు. అయినా వెళ్ళినప్పుడల్లా ఉప్పు తగ్గించమని డాక్టరుగారు కోప్పడుతున్నారు. యేమిటిది?” ప్రశ్న సబబైనదే. మేము వైద్యులము కాము. చదివి తెలుసుకొన్నది పాఠకుల ముందు పెడుతున్నాము.

ముందు రక్తపరీక్ష సంగతి. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల సోడియం వుండడం మామూలు. ఈ అంకె ఉప్పుకూ నీటికీ వుండే పాళ్ళను చెబుతుందే గాని, ఒంటిలో వున్న మొత్తం ఉప్పును చెప్పదు. ఉప్పు ఎక్కువ తింటే దాహమవుతుంది, నీళ్ళు తాగుతాము, పాళ్ళు మళ్ళీ కుదురుతాయి. చారు ఉప్పనైతే నీళ్ళు పోసి సరిచేసినట్లే. రుచి కుదిరింది, కాని గిన్నె నిండింది. ఆరోగ్యవంతులకు ఆ అదనం మూత్రంలో పోతుంది. మూత్రపిండాలు చెడినవారికి ఆ దారి మూసుకొనిపోతుంది. సుమారు 9 గ్రాముల ఉప్పు ఒక లీటరు నీటిని పట్టి వుంచుతుంది. రెండు డయాలిసిస్‌ల నడుమ బరువు పెరగడం, కాళ్ళు పొంగడం, ఆయాసం, రక్తపుపోటు చాలావరకు దీనివల్లనే.

అంతటితో అయిపోలేదు. చర్మంలోనూ కండలలోనూ ఉప్పు, దానికి తగిన నీరు లేకుండానే నిలవ చేరగలదని జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పనిచేసిన యెన్స్ టిట్సె అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు చూపించారు. మాస్కోలో అంగారక యాత్రకు అభ్యాసంగా కొందరిని మూసిన గదులలో నెలల తరబడి వుంచారు. వారికి రోజూ ఒకే కొలత ఉప్పు పెట్టినా, మూత్రంలో పోయే ఉప్పు రోజుకొక తీరుగా వున్నదని 2013లో ప్రకటించారు. దేహం కొన్నాళ్ళు దాచుకొంటుంది, కొన్నాళ్ళు వదులుతుంది. మా గుమాస్తాల భాషలో చెప్పాలంటే రక్తం రొక్కంపెట్టె, చర్మమూ కండలూ గోదాము. పెట్టెలో రొక్కం లెక్కపెట్టి గోదాములో సరుకు యెంతో చెప్పలేము గదా!

ఆ గోదామును కోయకుండా చూడడానికి ఎం.ఆర్.ఐ. యంత్రం పనికివచ్చింది. మామూలు ఎం.ఆర్.ఐ. ఒంటిలోని నీటిలో వుండే హైడ్రోజను యిచ్చే సంకేతాన్ని పట్టుకొంటుంది. సోడియం కూడా అటువంటి సంకేతమే యిస్తుంది గాని, అది చాలా బలహీనమైనది. దానికి వేరే శ్రుతి కూర్చిన తీగచుట్ట కావాలి. రోగి పిక్కను అందులో వుంచి, పక్కన యెంత ఉప్పు కలిపారో తెలిసిన నీటి గొట్టాలు నాలుగు పెడతారు. బొమ్మలో గొట్టాల వెలుగుతో పిక్క వెలుగును పోల్చి, అందులో ఉప్పు యెంతో లెక్కకడతారు. తక్కెడలో తూనికరాళ్ళు వేసి సరుకు తూచినట్లన్నమాట.

ఈ పద్ధతిలో 24 మంది డయాలిసిస్ రోగులను, 27 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. డయాలిసిస్ తరువాత చర్మంలోనూ కండలోనూ ఉప్పు తగ్గింది. అంటే గోదాములో సరుకు కొంతైనా బయటికి తీయవచ్చును. అయితే 60 యేండ్లు దాటిన రోగులలో, అదే వయసు ఆరోగ్యవంతులకంటె నిలవ ఎక్కువగా కనిపించింది. పెద్దవారి విషయంలో మరింత శ్రద్ధ కావాలన్నమాట.

ఇది చదివి ఆ పరీక్షకోసం ఆసుపత్రులచుట్టూ తిరగవద్దని మనవి. ఇది యింకా పరిశోధకుల చేతి పనిముట్టే. బరువు, రక్తపుపోటు, వాపు చూసి డాక్టర్లు చెప్పేదే మనకు ఆధారం.

ఇంటిలో చేయవలసినది మాత్రం చాలా వున్నది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు మొదట పక్కన పెట్టాలి. పెద్దలందరికీ రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోగికి యెంతో డాక్టరు చెబుతారు. సైంధవ లవణమూ ఉప్పే. దానికి మినహాయింపు లేదు. బజారులో దొరికే “లో సోడియం” ఉప్పు యింకా ప్రమాదం. అందులో చాలావాటిలో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాలు పనిచేయనివారికి అది రక్తంలో పేరుకొని గుండెకే ముప్పు తేగలదు. డాక్టరును అడగకుండా వాడవద్దు.

నీళ్ళు తాగవద్దని రోగిని కసరడంకంటె ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గుతుంది. ఒక్కరికి చప్పిడికూడు పెట్టి, యెదుట తక్కినవారు ఆవకాయ కలుపుకొంటూ వుంటే ఆ ముద్ద గొంతు దిగదు. ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి పోపుతో రుచి తెచ్చి, కావలసినవారు పైన వేసుకోవడం మేలు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలిసిస్ జరిగితే యంత్రం పనిచేసేది 12 గంటలు. తక్కిన 156 గంటలూ భారం వంటింటిదే. అందుచేత ఈసారి డాక్టరు దగ్గరకు రోగితోపాటు వంట చేసేవారు కూడా వెళ్ళి, యెంత ఉప్పు వెయ్యాలో స్వయంగా అడిగి తెలుసుకోవలసిందని కోరుతున్నాము.