ఆటకే అని చెప్పి కొనండి

ఈ టపాకు కారణం మా మేనల్లుడు.

వాడు నరసరావుపేటలో ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. ఊరు గురజాల దగ్గర, మా బావది మిరప సేద్యం. 2026 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నన్ను పెరట్లోకి తీసుకుపోయి, "మామయ్యా, కంప్యూటరు చదువుకేనని నాన్నతో నువ్వొక మాట చెప్పాలి. నువ్వు చెబితే కాదనడు" అన్నాడు. చేతిలో ఒక కాగితం. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అంటూ పేర్లు, వాటి ఎదుట ధరలు, కింద గీత గీసి అరవై వేలు. ఆ కాగితం చూసినవాడెవడూ అది చదువుకని నమ్మడు.

చెప్పనన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని అలా అనలేదు. ఆ అబద్ధం ఖరీదెంతో నాకు అనుభవం.

2004లో మా నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని గుంటూరులో ఒక దుకాణానికి తీసుకువెళ్ళారు. దుకాణదారు "దేనికండీ?" అని అడిగాడు. నాన్నగారు నా వంక చూశారు. "చదువుకే" అన్నాను. మనసులో ఉన్నది మాత్రం నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బు పోసి ఆడిన కారు పందేల ఆట. అతడు నా మాటకు తగినట్టే ఇచ్చాడు: మంచి పెంటియం 4, బోర్డులోనే కలిసివున్న గ్రాఫిక్స్, ముచ్చటైన రెండు స్పీకర్లు. ఇంటికి తెచ్చి ఆట పెడితే కారు ఎడ్లబండిలా కదిలింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలని అడగడానికి నోరు రాలేదు. చదువుకు అదెందుకురా అంటే ఏం చెప్పను? మూడేళ్ళు అలాగే గడిపాను. నాలుగో ఏడు వేసవిలో, కేబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన పవర్ సప్లై ఒక సాయంత్రం ఢామ్మని పేలి మదర్‌బోర్డును కూడా తనతో తీసుకుపోయింది. ఈ రెండు దెబ్బలూ నాకు బాగా గుర్తు. ఈ టపాలో చెప్పబోయేదంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

నా మాట ఇది. మన ఇళ్ళలో ఆట అన్నమాట పైకి చెప్పడానికి సిగ్గు. ఆ సిగ్గువల్ల డబ్బు పెట్టి మరీ తప్పు వస్తువు కొంటాం. చదువుకని అడిగినవాడికి పెద్ద ప్రాసెసరు చూపిస్తారు. ఐ5, ఐ7 అన్న పేర్లు తండ్రులు కూడా విన్నవే గనుక అక్కడ బేరం సులువుగా కుదురుతుంది. గ్రాఫిక్స్ కార్డు పేరెత్తితే గుట్టు బయటపడుతుంది, కాబట్టి అది జాబితాలోంచి జారిపోతుంది. మిగిలిన డబ్బు రంగురంగుల దీపాలున్న గాజు పెట్టెకు పోతుంది. చివరికి చదువుకు అక్కరలేనంత పెద్దదీ, ఆటకు చాలనంత చిన్నదీ ఒక యంత్రం ఇంటికి వస్తుంది.

ఎందుకు చాలదో బావకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ఇప్పుడు మామూలుగా వాడే తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు. ఆట నునుపుగా సాగాలంటే ఆ బొమ్మను సెకనుకు అరవైసార్లయినా కొత్తగా గీయాలి. సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు తేల్చాలన్నమాట. ప్రాసెసరు లెక్క తెలిసిన మేస్త్రీ వంటిది. ఎంత గడుసువాడైనా ఎకరం మిరపకాయ ఒక్కడే కోయలేడు. దానికి కూలీల గుంపు కావాలి. మావాడి కాగితంలో ఉన్న రైజెన్ 5 5600లో కోర్లు ఆరు. ఆర్‌ఎక్స్ 6600 అనే కార్డులో చిన్న లెక్కలు చేసే విభాగాలు 1792. ఆరుగురు మేస్త్రీలు, 1792 మంది కూలీలు. మేస్త్రీల జీతం పెంచి కూలీలను మానేస్తే చేను ఎండిపోతుంది. ఆట కోసమే కొనేటట్టయితే పెట్టెలోకి పోయే డబ్బులో మూడోవంతు పైగా కార్డుకే పోవాలని నా అభిప్రాయం.

రాత్రి భోజనాలయ్యాక అరుగుమీద బావతో ఉన్నమాట చెప్పాం. "చదువుకూ పనికొస్తుంది బావా, కానీ కొనేది ఆటలకే." కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పల్నాట్లో ఆటాడి బాగుపడ్డోళ్ళు ఎవరు బావా? కోడిపందెం ఓడి ఏడేళ్ళు వలసపోయిన కథ కారెంపూడిలో పసిపిల్లోణ్ణడిగినా చెబుతాడు" అన్నాడు.

కాదనలేని మాట. మాచర్లకూ గురజాలకూ మధ్య జరిగిన ఆ పోరు కథ చెప్పుకుంటూనే పెరిగినవాళ్ళం మేము. అయితే ఆ కథలో రాజ్యాన్ని ముంచింది కోళ్ళు కావు, వాటిమీద ఒడ్డిన పందెం. బావ భయం కూడా నిజానికి పందెం గురించేనని కాస్త తరచి అడిగితే తెలిసింది. వాళ్ళ బంధువుల్లో ఒకతను ఫోనులో రమ్మీ ఆడి పొలం తాకట్టు పెట్టాడట. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుండి వేరుచేసి గుర్తించింది. ఆ సంగతి చెప్పి, "పందెం ఆడదలచుకున్నవాడికి అరవై వేల యంత్రం ఎందుకు బావా, జేబులో ఫోను చాలు" అన్నాను. అది కొంత పనిచేసింది. కాలం తినదా అంటే తింటుంది. అందులో నేను మేనల్లుడి పక్షాన వకాల్తా పుచ్చుకోలేదు. అది తండ్రీకొడుకులు తేల్చుకోవలసిన విషయం.

ఇక డబ్బు. మావాడు ఈ కోరిక మొదట 2025 ఫిబ్రవరిలో అడిగాడు. అప్పుడు మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన రోజులు. బావ సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, "ధర లేవనీ, చూద్దాం" అన్నాడు. మిర్చి సంగతేమోగాని, ఆ ఏడాది చివరి నెలల్లో ర్యామ్ ధర లేచింది, అదీ రెట్టింపు దాటి. ప్రపంచంలో ఆ చిప్పులను అధికభాగం తయారుచేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలు. కృత్రిమమేధ కేంద్రాలు అడిగే ఖరీదైన మెమరీవైపు అవి తమ ఉత్పత్తిని మళ్ళించాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే మనబోటి వాళ్ళకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే ముగిస్తున్నానని ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే గిడ్డంగివల్ల నరసరావుపేటలో ఒక పిల్లవాడి కాగితం కొట్టివేతలతో నిండిపోవడం బావకు వింతగా తోచలేదు. "మిర్చీ అంతేగా. చైనావాడు కొంటే ధర, మానుకుంటే మట్టి" అన్నాడు.

ఈ పరిస్థితిలో కొత్తదనం వెంట పోవద్దని నా సలహా. ఏఎమ్‌డీ వారి ఏఎమ్5 సాకెట్‌కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. పాతదైన ఏఎమ్4కు డీడీఆర్4 చాలు, పాతది దొరికినా పెట్టుకోవచ్చు. మావాడి స్నేహితుడొకడు వదిలించుకుంటున్న పదహారు జీబీ డీడీఆర్4 పరీక్షించి తీసుకున్నాం. ర్యామ్ పాతది కొనడానికి నేను జంకను, అందులో అరిగే భాగాలు లేవు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పాతది వద్దన్నాను. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకున్నాక, గనుల్లో ఎద్దుల్లా రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులెన్నో అంగళ్ళలోకి వచ్చాయి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి అటువంటిదే చౌకగా తెస్తానని మావాడు. ఆ కార్డులన్నీ చెడ్డవని నేననను. కానీ ఫ్యాను అరిగి, బిల్లు లేక, మూడునెలలకు అది మూలపడితే మళ్ళీ అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కి ఎవరిని అడుగుతాం? రెండోసారి కొనలేనివాడు బిల్లులేని వస్తువు జోలికి పోకూడదు.

అన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకున్నది కాగితంలో అట్టడుగున ఉన్న రెండు వరుసల గురించి. పవర్ సప్లై, కేబినెట్. రెండింటికీ మావాడు మిగిలిన చిల్లర కేటాయించాడు. వాడు చూసే వీడియోల్లో యంత్రాలను ఏసీ గదుల్లో పరీక్షిస్తారు. మా గురజాలకు కూతవేటు దూరంలో ఉన్నది రెంటచింతల. వేసవిలో పత్రికలు ఎండ గురించి రాస్తే ముందుగా రాసే పేరు. అక్కడ 45 డిగ్రీలు దాటితే ఎవరూ ఆశ్చర్యపోరు. ప్రాసెసరుమీది ఫ్యాను గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే విసురుతుంది. 25 డిగ్రీల గదిలో 65 దగ్గర నిలిచే చిప్పు 42 డిగ్రీల గదిలో అదే పని చేస్తూ 82 దాకా పోతుంది. 5600కు హద్దు 90. దాని దగ్గరకు వెళ్ళగానే అది తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఆట నత్తనడక నడుస్తుంది. పవర్ సప్లైమీద వేసే 80 ప్లస్ ముద్ర సంగతీ ఇంతే. ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల దగ్గర. పైగా ఆ ముద్ర విద్యుత్తు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది తప్ప, వోల్టేజీ ఎగిరినప్పుడు లోపలి భాగాలను కాపాడుతుందో లేదో చెప్పదు.

కాబట్టి గాజు ముఖం పెట్టె కొట్టేశాను. ముందువైపు జాలీ ఉండి, దాని వెనుక తీసి కడుక్కోగల వడపోత ఉండాలన్నాను. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి సిమెంటు, వేసవిలో మిరప కల్లాల ధూళి, వీటి మధ్య బతికే యంత్రానికి గాజు ఎందుకు? దీపాలు తీసేస్తే మిగిలిన డబ్బుతో పేరున్న తయారీదారు 550 వాట్ల పవర్ సప్లై వచ్చింది. కార్డు గరిష్ఠంగా 132 వాట్లు, ప్రాసెసరు దాదాపు అందులో సగం. అంత పెద్దదెందుకని వాడడిగాడు. వేడిలో తలమునకలుగా పనిచేసేదానికంటే సగం బరువుతో నడిచేది ఎక్కువకాలం బతుకుతుంది.

కరెంటు గురించి ఇంకొక్క మాట. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, యూపీఎస్ దేనికి అంటారు చాలామంది. కరెంటు పోయిన క్షణంలో పవర్ సప్లై తన నిలవతో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలదు. మామూలు ఇన్వర్టరు అంతకంటే ఆలస్యంగా మేలుకొంటే యంత్రం ఆగిపోతుంది. కొనేటప్పుడు పెట్టెమీది 600 వీఏ చూసి 600 వాట్లని భ్రమపడకండి. చాలావాటిలో అది 360 వాట్ల దగ్గరే ఉంటుంది.

చివరికి తేలిందేమిటంటే, అరవై వేలలో అన్నీ ఒకేసారి రావు. నాకు తోచిన దారి రెండు పంటల దారి. 5600 బదులు 5600జీ తీసుకున్నాం. దానిలోనే కొద్దిపాటి గ్రాఫిక్స్ ఉంటుంది. వేలరెంట్ వంటివి తక్కువ హంగులతో ఆడుకోవచ్చు. క్యాష్ తక్కువ గనుక రేపు కార్డు పెట్టాక 5600 అంత చురుకుగా ఉండదు, ఆ సంగతి వాడికి ముందే చెప్పాను. కొత్త తెర కొనలేదు, హాల్లోని పాత టీవీకే తీగ కలిపాం. 1366, 768 చుక్కల టీవీ, గీయవలసినవి సగానికి సగం తక్కువ. నలభై వేల లోపు ముగిసింది. కార్డు వచ్చే పంటకు. బావ ఒప్పుకున్నది ఈ లెక్క విన్నాకే. మొత్తం ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది తెలిశాక ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ కార్డు లేకపోతే ఆట ఆడదు, అంతేనా? మరి అది ముందే చెప్పొచ్చుగా."

బిగించిన మొదటి రోజే పెట్టె ముట్టుకుంటే చేతికి జివ్వుమంది. పవర్ సప్లై తప్పేమో అనుకుని మావాడు బెంబేలెత్తాడు. చూస్తే ఇంటికి సరైన ఎర్తే లేదు. మూడు రంధ్రాల ప్లగ్గు ఉంది గాని మూడో దానికి తీగ ఎక్కడికీ పోవడం లేదు. ఎలక్ట్రీషియన్ను పిలిచి, పెరట్లో గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోయించి కడ్డీ దింపించాం. ఏ జాబితాలోనూ లేని విడిభాగం అది. ఎండలు ముదిరితే ఆ గుంత తడి ఆరకుండా చూసుకోవాలని అతడు చెప్పివెళ్ళాడు. మా అక్క ఫోనులో చెప్పింది, రోజూ పొద్దున్నే గేదెలకు నీళ్ళు పెట్టేటప్పుడు అందులో ఒక బకెట్టు బావే పోస్తున్నాడట.