రేమండ్ మండపం దగ్గర రాసిపెట్టండి

మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్మేవాడికి మలక్‌పేట అవతల అస్మాన్‌ఘడ్ గుట్ట మీది సమాధితో ఏం పని అంటారు మా వాళ్లు. పని ఉంది. అది నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌ది. ఆయన 1798 మార్చి 25న పోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ పెంచిన పటాలాల ఆయుధాలు లాగేసుకున్నారు. ఆ తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు దిగింది. 1806లో ఆ చోటికి అప్పటి నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. దండుకు బియ్యం, కూరగాయలు కావాలి గనకే లష్కర్ అని పిలిచే మన సికింద్రాబాద్ బజార్లు పెరిగాయి. రేమండ్ సేన నిలిచి ఉంటే నా దుకాణం ఇక్కడ ఉండేదా?

సమాధి ముందరి స్తంభాల మండపం 2001 వానలకు కూలింది. ప్రభుత్వం మళ్లీ కట్టించింది. చాలా మంచి పని. కానీ పాత రాయి ఏది, కొత్త పని ఏది అన్నది అక్కడే తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. కూలిన సంగతి దాచితే సగం చరిత్ర పోయినట్టే. ఒకప్పుడు రేమండ్ వర్ధంతికి హిందువులూ ముస్లింలూ అక్కడికి చేరేవారు. పురావస్తు శాఖ మార్చి 25న బడిపిల్లలను తీసుకెళ్లాలి, ముందు సికింద్రాబాద్ బడుల నుంచి.